మీటరు ముల్లూ, మనిషి ముఖమూ

యంత్రానికి పక్షపాతం లేదనే మాట మన అభ్యుదయ మిత్రుల నోట కూడా తరచు వింటూ ఉంటాను. మనిషికి వర్గం ఉన్నది, కులం ఉన్నది, స్వార్థం ఉన్నది. యంత్రానికి ఇవేవీ లేవు గనుక అది చెప్పేదే నిష్పాక్షికమైన సత్యమని వారి వాదం. పై చూపుకు ఇది భౌతికవాదం లాగానే కనిపిస్తుంది. కాని యంత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, దానిని చేసిన చేతులూ, చేయించిన అవసరాలూ ఉన్నాయనీ మరిచిపోయే భౌతికవాదం ఎక్కడో దారి తప్పినట్లే లెక్క. ఈ సంగతిని నేను పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. ఒక పాత కెమెరా నాకు నేర్పింది. అది నేర్పిన రోజుకు చాలా ఆలస్యమైపోయింది కూడా.

ఈమధ్య మా కుర్రవాళ్ళు కొందరు తండ్రుల బీరువాల అడుగున పడివున్న ఫిల్ము కెమెరాలు బయటికి తీస్తున్నారు. సెల్‌ఫోనులో రోజుకు నూరు బొమ్మలు తీసేవాళ్ళకు, ముప్ఫయ్యారు బొమ్మలతో అయిపోయే చుట్ట మీద ఎందుకింత మోజు పుట్టిందో నాకు తెలియదు. అటువంటి విద్యార్థి ఒకడు వచ్చి, "మాస్టారూ, ఫిల్ము డబ్బా మీద 400 అని ఉంది, ఇక్కడ 400 పెట్టాను. బాగానే ఉంది. మరి దాని పక్కన ఈ ప్లస్సు, మైనస్సు దేనికి? మీటరు సరిగ్గానే చెబుతుంది గదా?" అని అడిగాడు. అతనికి అప్పుడు చెప్పినది కొంత. చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి చూద్దాం. ఫిల్ము మీద వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుగు తగిలిన రేణువులో కనీసం మూడు నాలుగు వెండి పరమాణువులు ఒకచోట చేరితేనే ఆ రేణువు తరువాత రసాయనంలో నల్లబడుతుంది. అంతకు తక్కువైతే రేణువు అసలు వెలుగునే చూడనట్లు ఉండిపోతుంది. ఎంత వెలుగుకు ఫిల్ము స్పందిస్తుందో చెప్పేదే ఫిల్ము వేగం. జర్మనులు 1934లో దీనికి డిన్ అంకెలు పెట్టారు. వాటిలో మూడంకెలు పెరిగితే వేగం రెట్టింపవుతుంది. అమెరికా వారికి ఏ.ఎస్.ఏ. అంకెలు, 100 కంటె 200 రెట్టింపు వేగం. సోవియట్ దేశానికి గోస్ట్ అని వేరే కొలమానం ఉండేది, 1987లో దాన్ని అంతర్జాతీయ ప్రమాణంతో కలిపేశారు. మనం అంకె పెడితే, ఆ అంకెను నమ్మి మీటరు లెక్క కడుతుంది. నూరు వేగం ఫిల్ము వేసి కెమెరాలో 50 అని పెట్టామంటే మీటరు పాపం నమ్మేస్తుంది, రెట్టింపు వెలుగు ఇమ్మంటుంది. ప్లస్సు ఒకటి పెట్టినా జరిగేది అదే. ఆ మీట లేని పాత కెమెరాలలో ఫిల్ము వేగం చక్రాన్నే అబద్ధమాడించి సవరించుకునేవాళ్ళం. (తరువాత దానిని మళ్ళీ యథాస్థానానికి తిప్పడం మరిచిపోయి చుట్టకు చుట్ట పాడుచేసుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.)

ఇంతకూ ఆ అంకె ఎక్కడిది? బరువూ, పొడుగూ లాగా అది వస్తువులో ఉన్న గుణమని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. అమెరికాలో కొడాక్ పరిశోధనశాలలో లాయిడ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు రకరకాల వెలుగులిచ్చి తీసిన బొమ్మలను మనుషుల ముందు పెట్టి, ఇందులో ఏది బాగున్నదని అడిగాడు. బొమ్మ చక్కగా వచ్చిందని చూసేవాళ్ళు ఒప్పుకోవడానికి ఫిల్ముకు కనీసం ఎంత వెలుగు కావాలో ఆ విధంగా తేలింది. 1943 నాటి అమెరికా ప్రమాణానికి పునాది ఈ పరిశోధనే. అంటే ఆ అంకెలో రసాయనశాస్త్రం ఎంత ఉన్నదో, బొమ్మ చూసి బాగుందని తలూపిన మనుషుల అభిప్రాయమూ అంత ఉన్నది. పైగా, తెలియనివాళ్ళు వెలుగు తక్కువిచ్చి బొమ్మ చెడగొట్టుకుంటారేమోనని ఆ ప్రమాణంలో కొంత రక్షణ కలిపి ఉంచారు. 1960లో ప్రమాణాన్ని సవరించి ఆ రక్షణలో చాలా భాగం తీసేశారు. దానితో అంతవరకూ 200 వేగంగా అమ్ముడైన ట్రై-ఎక్స్ ఫిల్ము 400 వేగం ఫిల్ముగా మారిపోయింది. ఫిల్ములో ఒక్క రేణువూ మారలేదు, మారినది డబ్బా మీది అంకె. మీటర్లు మెరుగుపడ్డాయి గనుక అంత జాగ్రత్త అనవసరమని చెప్పిన కారణంలో నిజం లేకపోలేదు. ఇందులో కుట్ర ఉన్నదని నేననను. నిర్ణయం ఉన్నదంటాను. ఆ నిర్ణయంలో తగ్గినది నీడలకు దక్కవలసిన వెలుగు అని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఇక మీటరు సంగతి. మీటరు ముల్లుకు తన ముందున్నది ఏమిటో తెలియదు. లోకమంతా సగటున ఒక బూడిదరంగు అనీ, పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే వస్తువనీ అది నమ్ముతుంది. (నిజానికి చాలా మీటర్ల లెక్క అంతకు కాస్త తక్కువే. కాని అట్టముక్కగా అమ్మిన బూడిదరంగు 18 శాతానిది గనుక ఆ అంకె అందరి నోటా స్థిరపడింది.) ఎదుట ఏది నిలబెట్టినా దానిని ఆ బూడిదరంగులోకి తెచ్చేదాకా మీటరుకు నిద్రపట్టదు. తెల్లని కొంగను నిండుగా తీస్తే బూడిదరంగు కొంగ వస్తుంది. నల్లని గేదెను తీస్తే బూడిదరంగు గేదె వస్తుంది. కొంగను కొంగగా, గేదెను గేదెగా నిలపాలంటే తీసేవాడు మీటరును కాదని కొంగకు ప్లస్సూ, గేదెకు మైనస్సూ పెట్టాలి. కొత్తగా నేర్చేవాళ్ళకు ఇది తలకిందులుగా తోస్తుంది, తెల్లనిదానికి ఇంకా వెలుగెందుకని అడుగుతారు. మీటరు అప్పటికే దాని వెలుగు కోసేసింది గనుక.

మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఉండేవాడు. ఆయనతో ఈ వాదన పెట్టుకుంటే, "ముల్లులోకి కూడా వర్గపోరాటం తెస్తావేమయ్యా! అది విద్యుత్తు వస్తే కదులుతుంది, లేకపోతే లేదు" అనేవాడు. ఆయన మాట నిజమే. ముల్లు నేరం చేయలేదు. కాని ముల్లు ఎక్కడ ఆగితే సరి అనే గీత ముల్లు గీసుకోలేదు గదా. సగటు అన్నప్పుడు దేని సగటు, ఎవరెవరిని కలిపితే వచ్చిన సగటు అని అడిగే హక్కు మనకున్నది. సగటు అనే మాటకు మర్యాద ఎక్కువ, అది ఎవరి పక్షమూ కానట్లు నిలబడుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఒక కాలంలో నేను మన సాహిత్య సభల్లో వస్తువు పక్షాన గట్టిగా మాట్లాడేవాడిని. వస్తువు ప్రజలదైతే చాలు, శిల్పం గురించిన తర్జనభర్జనలు తీరికవర్గపు వినోదమని రాశాను కూడా. ఫోటోల విషయంలోనూ నాది అదే ధోరణి. ఎవరిని తీస్తున్నామన్నది ముఖ్యం, ఎన్నో వంతు సెకను, ఎఫ్ ఎంత అనేది స్టూడియోవాళ్ళ గోల అనుకునేవాడిని.

1986లో, కారంచేడు ఘోరం జరిగిన మరుసటి సంవత్సరం, సంక్రాంతి వెళ్ళిన వారంలో కృష్ణా డెల్టాలో ఒక ఊళ్ళో వ్యవసాయ కూలీల సభ జరిగింది. కూలి రేట్ల మీద సభ. నేను మిత్రుని దగ్గర జెనిత్ కెమెరా అరువు తీసుకుని వెళ్ళాను. అందులో తూర్పు జర్మనీ వారి ఓర్వో ఫిల్ము, 22 డిన్, అంటే 125 వేగం. పండక్కి కొత్తగా సున్నం కొట్టిన బడి గోడ ముందు అందరినీ నిలబెట్టాను. మిట్టమధ్యాహ్నం. ఆడవాళ్ళు ఎండకు కొంగు నెత్తి మీదుగా లాక్కున్నారు. జెనిత్ కెమెరా నెత్తిన తేనెతుట్టె గదుల్లాంటి కిటికీలో సెలీనియం పలక ఉంటుంది. అది ఎదుటనున్న దృశ్యాన్నంతా ఒక్కసారే చూస్తుంది. దానికి కనిపించినది ప్రధానంగా గోడ. ముల్లు ఎఫ్ 16 వద్ద సెకనులో 250వ వంతు చాలంది. నేను దానికి వినయంగా లొంగి, అట్లాగే మీట నొక్కాను.

బొమ్మలు కడిగించి పట్టుకెళ్ళి చూపించాను. గోడ అద్భుతంగా వచ్చింది. వేదిక పక్కన నిలబడ్డ నాయకుల చొక్కాలు ఫరవాలేదు. కొంగుల కింద ముఖాలు మాత్రం లేవు. ముందు వరసలో నిలబడిన పెద్దమ్మ, ఆ సభలో అందరికంటె సూటిగా మాట్లాడినదీ ఆమే, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నేనేదండీ మేష్టరుగారూ?" అన్నది. ఇదిగో ఇక్కడ అని వేలుతో చూపించాను. ఆమె నా వేలి కింద ఉన్న నల్లని మచ్చను కాసేపు చూసి, "గోడ బాగా పడిందండీ" అన్నది. వెటకారమో, నన్ను నొప్పించకూడదని అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. వెలుగు చాలలేదు పెద్దమ్మా అన్నాను. అది అబద్ధం. ఆ మధ్యాహ్నం ఎండకు తక్కువేమీ లేదు.

నాలుగడుగులు ముందుకు వెళ్ళి ఆమె ముఖం దగ్గర మీటరు పెట్టి చూడవలసింది. లేదా వేగం చక్రాన్ని 22 నుంచి 16కు తిప్పితే నాలుగింతలు వెలుగు పడివుండేది. గోడ తెల్లగా పాలిపోయేది, పోనీ. పట్టుమని పది సెకన్ల పని. ఆ జెనిత్ కెమెరా సోవియట్ దేశంలో తయారైనది. దాని ముల్లూ బూడిదరంగునే నమ్మింది. సొంత ఆస్తి రద్దు చేసినంతలో మీటరు సగటు మారదని అప్పుడు నాకెవరైనా చెబితే కోపం తెచ్చుకునేవాడినేమో.

దగ్గరకు వెళ్ళితే సరిపోతుందా అంటే, అక్కడ ఇంకో చిక్కున్నది. నల్లని ముఖాన్ని ఒంటరిగా చూపించి మీటరును అడిగితే, అది ఆ ముఖాన్ని కూడా బూడిదరంగులోకి లాగబోతుంది. కావలసినదానికంటె ఎక్కువ వెలుగిమ్మంటుంది. ఆమె ఉన్నదానికంటె చాయగా వస్తుంది. అంటే ఒకే మీటరు, ఒకే సూత్రం, ఒకే మనిషికి రెండు విధాల అన్యాయం చేస్తుంది. తెల్లగోడ ముందు నిలబెడితే ముంచేస్తుంది, ఒంటరిగా పిలిస్తే వెలిసేలా చేస్తుంది. ఒకదానికి సవరణ ప్లస్సు, రెండోదానికి మైనస్సు. నల్లనివారికి ఎప్పుడూ ప్లస్సు ఇవ్వాలనే దయాగుణం ఇక్కడ పనికిరాదు. మీటరు ఆ క్షణాన దేన్ని చూసి మాట్లాడిందో తెలుసుకోకుండా ఇచ్చే సవరణ, సవరణ ఇవ్వకపోవడం కంటె మేలైనదేమీ కాదు.

ఈ సవరణకు ఇంగ్లీషులో వాడే మాట కాంపెన్సేషన్. మన ఊళ్ళలో ఆ మాట అందరికీ తెలుసు, కాలవ కింద పొలం పోయినవాడికి ఆఫీసులో ఇచ్చేది. ఆ అర్థంలో తీసుకుంటే, ముఖంలో ఏదో లోటున్నదనీ, ఆ లోటుకు పరిహారంగా వెలుగు పోస్తున్నామనీ అవుతుంది. చాలామంది ఫోటోగ్రాఫర్లు అట్లాగే మాట్లాడతారు, ఈ మనిషి కష్టమండీ, కెమెరాకు పడడు అని. నేను ఒప్పుకోను. లోటు మీటరుది. ముల్లు తప్పు చెప్పింది గనుక ముల్లును సవరిస్తున్నాము, ముఖానికి ఎవరూ ఏమీ దానమివ్వడం లేదు. రిజర్వేషన్ల గురించి వాదించుకునే విద్యార్థులు ఈ పోలికను పట్టుకుంటారని తెలుసు. పట్టుకోనివ్వండి, కాని ఒక హద్దుంది. ఫోటోలో నిలబడ్డ మనిషికి మీటరుతో వాదించే అవకాశం లేదు, సమాజంలో ఉన్నది. ఆ తేడాను చెరిపేసే పోలిక ఎంత అందంగా ఉన్నా నాకక్కర్లేదు.

1991లో పెద్దమ్మ పోయింది. దినం లోపల ఫోటో కట్టించాలని కొడుకు నా దగ్గరకు వచ్చాడు. "మీరొకసారి తీశారంటగదండీ, మా అమ్మకు అదొక్కటే ఉందండి" అన్నాడు. నెగెటివ్ వెతికి తీసి, అతన్ని వెంటబెట్టుకుని పట్నంలో ఒక స్టూడియోకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన నెగెటివ్‌ను కిటికీ వైపు ఎత్తి చూశాడు. నెగెటివ్‌లో అంతా తారుమారుగా ఉంటుంది గదా. గోడ ఉన్నచోట దట్టమైన నలుపు, ఆమె ముఖం ఉన్నచోట ఏమీ లేని గాజు లాంటి తెలుపు. "పడిందైతే ఎట్లాగోట్లా తెస్తామండీ. పడందాన్ని ఎక్కణ్ణించి తెస్తాం?" అన్నాడు. ఎక్కువ పడిన వెలుగును నల్లతెలుపు నెగెటివ్ చాలావరకు భరిస్తుంది, ప్రింటు వేసేటప్పుడు దారికి తెచ్చుకోవచ్చు. నీడలో అసలు పడనిదానికి మాత్రం ఏ మందూ లేదు. తరువాతి శ్రద్ధ ఎంతైనా సరే, మొదటి ఆ 250వ వంతు సెకనులో జరిగిన ఉపేక్షను పూడ్చలేదు.

ఆయన మంచివాడే. "పోలికలు చెప్పండి, గీసిపెడతాను. రంగు కూడా కాస్త తెలుపు చేస్తాను" అన్నాడు. కొడుకు పోలికలు చెప్పాడు. ముక్కు ఇట్లా ఉంటుంది, బొట్టు ఇంత పెడుతుంది. వారం తరువాత అద్దం బిగించిన బొమ్మ వచ్చింది. ముప్ఫయ్యేళ్ళ తెల్లని స్త్రీ, నున్నని నుదురు. కొడుకు చాలాసేపు చూశాడు. "మా అమ్మలాగా లేదండీ. బాగుంది" అన్నాడు.

ఇది మన పల్లెటూరి స్టూడియోల వెనకబాటుతనం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. రంగుల ఫిల్ము ప్రపంచానికంతటికీ సరఫరా చేసిన కొడాక్ సంస్థ, ప్రింట్లలో రంగులు సరిచూసుకోవడానికి ప్రయోగశాలలకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. ఆ కార్డుకు షర్లీ అని పేరు పడింది. షర్లీ చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్లు. నల్ల పిల్లలూ, తెల్ల పిల్లలూ కలిసి కూర్చున్న తరగతి ఫోటోల్లో నల్లవారికి కళ్ళూ, పళ్ళూ తప్ప మరేమీ కనిపించలేదని తల్లులు మొరపెట్టుకున్న రోజులున్నాయి. ఫిల్ములో ముదురు రంగుల మధ్య తేడాలు పట్టే శక్తి పెంచడానికి కదలిక తెచ్చిన ఫిర్యాదులలో చాక్లెట్ల తయారీదారులవీ, కొయ్య సామాను వ్యాపారులవీ ఉన్నాయని కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన వ్యాసంలో చూపించింది. పాల చాక్లెట్టుకూ, నల్ల చాక్లెట్టుకూ తేడా తెలియక ప్రకటనలు చెడిపోతున్నాయట. మార్కెట్టు గురించి మనం రాసే పది వ్యాసాల పని ఈ ఒక్క సంగతి చేస్తుంది.

అయితే నల్లని ముఖం స్పష్టంగా పడితే న్యాయం జరిగినట్లేనా? ఇక్కడ నా వాదం నాకే అడ్డం తిరుగుతుంది. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష ప్రభుత్వం నల్లజాతివారి చేత బలవంతంగా పాసుపుస్తకాలు మోయించింది. వాటికి వ్యతిరేకంగా 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు. ఆ పాసుపుస్తకాల ఫోటోలకు పోలరాయిడ్ వారి సరంజామా వాడుతున్నారని అమెరికాలో ఆ సంస్థలోనే పనిచేస్తున్న కెన్ విలియమ్స్, కరొలిన్ హంటర్ 1970లో గుర్తించారు. తోటి కార్మికులను కూడగట్టి ఉద్యమం లేవదీశారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1977లో సంస్థ దక్షిణాఫ్రికా వ్యాపారం నుంచి తప్పుకోవలసి వచ్చింది. గుర్తింపు కార్డుల కోసం ఆ సంస్థ చేసిన ఐడి-2 కెమెరాకు ఫ్లాష్ వెలుగును పెంచే మీట ఒకటి ఉండేది. నల్లని ముఖాలు తేటగా రావడానికే అది పనికివచ్చిందని తరువాతి కాలపు చిత్రకారులు కొందరు వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్య ఎంతవరకు సరి అన్నది అటుంచుదాం. అటువంటి మీట ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న. నేను పెద్దమ్మకు ఇవ్వని ప్లస్సును పోలీసువాడు సంతోషంగా ఇస్తాడు. వాడికి కావలసినది స్పష్టమైన ముఖమే.

కాబట్టి కనపడటం వేరు, తన కోసం కనపడటం వేరు. పెద్దమ్మ ఇందులో నేనేదండీ అని అడిగింది, ఆ ప్రశ్నలో బొమ్మ తనదనే హక్కున్నది. పాసుపుస్తకంలో బొమ్మ ఉన్న మనిషి ఆ ప్రశ్న అడగడు, తనను అందులోంచి చెరిపేయమంటాడు. ఈ రెండింటికీ ఒకే సాంకేతిక జ్ఞానం అక్కరకు వస్తుంది. అందువల్ల జ్ఞానం తటస్థమని కొందరు, జ్ఞానమే అనుమానాస్పదమని కొందరు తేలుస్తారు. నేను రెండో తప్పునే ముందు చేశాను. శిల్పం తీరికవర్గానిదని తోసివేసి, ఆ తోసివేతకు మూల్యం నా జేబులోంచి గాక ఆమె ముఖంలోంచి చెల్లించాను.

మా విద్యార్థికి చివరకు చెప్పినది చిన్న ఉపాయం. వెలుగు ఎక్కడ పడుతున్నదో అక్కడ మనిషి అరచేయి చాపించి, మీటరును అరచేతికి చూపించు. మనుషుల ముఖాల రంగులలో ఉన్నంత తేడా అరచేతుల్లో ఉండదు. అది బూడిదరంగుకంటె సుమారు ఒక మెట్టు తేట గనుక ఒక ప్లస్సు ఇవ్వు, ఇక ముఖం తన రంగులో తాను వస్తుంది. అతను వెంటనే తన అరచేయి చాపాడు. నీది కాదు, నువ్వు తీయబోయే మనిషిది అన్నాను. ఎవరిదైనా ఒకటే అన్నారు గదా మాస్టారూ అన్నాడు. అతను చెప్పినదే సరి. లెక్క ప్రకారం ఎవరిదైనా చాలు. అయినా మళ్ళీ అదే చెప్పాను, దగ్గరకు వెళ్ళి, ఆ మనిషినే చెయ్యి చాపమని అడగాలని.

ఆ నెగెటివ్ ఇంకా నా దగ్గరే ఉన్నది. కిటికీ దగ్గర పెట్టి చూస్తే గోడ మీద సున్నం కుంచె ఎటునుంచి ఎటు నడిచిందో కూడా తెలుస్తుంది.